ఫ్లెక్సిబుల్ పళ్ళ సెట్టుకి రీలైన్ ఊడకుండా అంటించడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

"అన్నా, ఫ్లెక్సిబుల్ సెట్టుకి రీలైన్ చేసి ఇచ్చాం, వారం తిరక్కుండా అరటి తొక్క ఊడినట్టు మొత్తం పొర ఊడొచ్చింది, పేషెంట్ ఆ ముక్క జేబులో వేసుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు, ఎక్కడ తప్పు చేశాం?" ఇదీ నాకు వచ్చే ఫోన్. రీలైన్ అంటే వదులైన సెట్టు లోపలి వైపు కొత్త పొర (లైనర్) వేసి చిగుళ్ళకి సరిపెట్టడం. గవర్నర్‌పేటలో ల్యాబ్ పెట్టిన దగ్గర్నుంచి ఇటు విజయవాడ క్లినిక్కుల వాళ్ళు, అటు గుంటూరు అరండల్‌పేట, కొత్తపేట వాళ్ళు ఇదే అడుగుతుంటే ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా.

ఇది డెంటిస్టులకీ టెక్నీషియన్లకీ రాస్తున్నది. ఇంట్లో నాన్నగారి సెట్టు వదులైందని చదువుతున్నవాళ్ళు మాత్రం దయచేసి సొంతంగా ప్రయత్నించకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

1. ముందు అది ఏ ప్లాస్టిక్కో తేల్చుకోండి

సగం ఫెయిల్యూర్లు ఇక్కడే. "ఫ్లెక్సిబుల్" అని బిల్లు మీద రాసినంత మాత్రాన నైలాన్ అయిపోదు. థర్మోప్లాస్టిక్ అంటే వేడి చేస్తే కరిగి అచ్చులోకి ఇంజెక్ట్ అయ్యే ఏ ప్లాస్టిక్కయినా. మన దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ నైలాన్, అంటే పాలిఅమైడ్. వాల్‌ప్లాస్ట్ లాంటివి ఆ రకం. అప్పుడప్పుడు పాలిఎస్టర్, పాలికార్బొనేట్, పాలిప్రొపిలీన్ వస్తాయి. ఇంజెక్షన్ పద్ధతిలో చేసిన అక్రిలిక్ కూడా ఉంటుంది, అది పేరుకి థర్మోప్లాస్టిక్కే గానీ గుణం మాత్రం మన పాత మామూలు అక్రిలిక్‌దే (పీఎంఎంఏ).

ఎలా తెలుస్తుందంటే:

- సెట్టు చేసిన ల్యాబ్‌ని అడగండి. అన్నిటికంటే సులువైంది ఇదే, కానీ ఎవరూ అడగరు.
- రెక్కని, అంటే చిగురు మీదికి వచ్చే పల్చటి అంచుని, వేళ్ళతో మెల్లగా వంచండి. వంగి, వదలగానే మళ్ళీ యథాస్థితికి వస్తే నైలాన్ అనుకోవచ్చు. గట్టిగా మొండికేస్తే వేరే ఏదో.
- లోపలి వైపు, రీలైన్‌లో కప్పడిపోయే చోట ఒక్క చుక్క మోనోమర్ లిక్విడ్ (అక్రిలిక్ పొడిలో కలిపే ద్రవం) వేసి నిమిషం ఆగి ప్రోబ్‌తో (సన్న మొన ఉన్న పనిముట్టు) రుద్దండి. జిగురుగా మెత్తబడితే అక్రిలిక్. నైలాన్ అయితే వాన నీళ్ళు పడ్డ తామరాకులా ఉంటుంది, చుక్క ఆరిపోయాక అసలేమీ జరగనట్టే. పాలికార్బొనేట్ అని అనుమానం ఉంటే ఈ పరీక్ష సెట్టు మీద వద్దు, సన్న పగుళ్ళు వస్తాయి.

ఇంకో చిట్కా, ఇది ల్యాబ్ వాళ్ళకి. కోసేసిన స్ప్రూ ముక్కలు (ప్లాస్టిక్ అచ్చులోకి పారిన దారిలో మిగిలేవి) పారెయ్యకుండా కేసు నంబర్ రాసి కవర్లో దాచండి. 900 గ్రాముల నీళ్ళలో 100 గ్రాముల కళ్ళుప్పు పూర్తిగా కరిగించి ఆ ముక్క వెయ్యండి, అంటుకున్న గాలి బుడగలు తట్టి వదిలించండి. సెట్లకి వాడే నైలాన్ చాలావరకు తేలుతుంది, అక్రిలిక్, పాలికార్బొనేట్, పాలిఎస్టర్ మునుగుతాయి. మామూలు మంచినీళ్ళలోనే తేలిందంటే అది పాలిప్రొపిలీన్. సెట్టుని మాత్రం వెయ్యకండి, పళ్ళ బరువుకి లెక్క తప్పుతుంది.

2. అసలెందుకు అంటుకోదు

రీలైన్ మెటీరియల్ అక్రిలిక్‌కి అంటుకునేది జిగురు లాగా కాదు. లిక్విడ్ పాత అక్రిలిక్ పైపొరని కొంచెం కరిగించి ఉబ్బించి లోపలికి దూరుతుంది, అక్కడే గట్టిపడుతుంది, పాత కొత్త ప్లాస్టిక్ అణువుల గొలుసులు ఒకదాన్లో ఒకటి చిక్కుకుంటాయి. నైలాన్ గొలుసులు చాలాచోట్ల దగ్గరగా పేర్చినట్టు ఉంటాయి, మోనోమర్‌కి అవి కరగవు, ఉబ్బవు. లిక్విడ్ లోపలికి పోవడానికి దారే లేదు.

మీరు గమనించే ఉంటారు, నైలాన్ సెట్టులో పళ్ళు కూడా వాటంతట అవి అంటుకోవు. అందుకే మేం ఒక్కో పన్నుకి అడుగున ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో కన్నాలు పెడతాం, నైలాన్ వాటిలోకి పారి పన్నుని పట్టుకుంటుంది. అక్రిలిక్ పన్నే అంటుకోని చోట అక్రిలిక్ లైనర్ మాత్రం ఎలా అంటుకుంటుందండీ?

దీనికి తోడు ఇంకోటుంది, దీన్ని అందరూ మర్చిపోతారు. అంటుకున్నా సరే, బేస్ (పళ్ళు కూర్చునే చిగురు రంగు భాగం) వంగుతుంది, హార్డ్ లైనర్ వంగదు. నమిలిన ప్రతిసారీ, తీసి పెట్టిన ప్రతిసారీ ఆ రెండింటి మధ్య గీకులాట జరుగుతుంది, అంచు దగ్గర మొదలై లోపలికి పాకుతుంది. అందుకే నైలాన్ మీద కుర్చీ పక్కన, అంటే క్లినిక్‌లోనే అప్పటికప్పుడు, చేసే రీలైన్‌ని నేను తాత్కాలికమనే చెప్తా, డాక్టర్ గారు ఎంత బతిమాలినా మాట మార్చను.

3. ప్లాస్టిక్కుని బట్టి దారి

- ఇంజెక్షన్ అక్రిలిక్: మామూలు అక్రిలిక్ సెట్టు లాగే చెయ్యండి. గరుకు చేసి, లిక్విడ్‌తో 3 నిమిషాలు తడిపి ఉంచి లైనర్ వెయ్యండి. బాధే లేదు.
- పాలిఎస్టర్, పాలికార్బొనేట్: సాండ్‌బ్లాస్ట్ చేసి (గాలి ఒత్తిడితో ఇసక లాంటి పొడి కొట్టి), రీలైన్ కిట్‌తో వచ్చిన బాండింగ్ లిక్విడ్ ఒక్క పల్చటి కోటు. నైలాన్‌తో పోలిస్తే బాగానే పడతాయి. లిక్విడ్‌లో నానబెట్టొద్దు. కొన్ని కిట్‌ల లిక్విడ్‌లో డైక్లోరోమీథేన్ ఉంటుంది, ఫ్యాన్ వేసి కిటికీ తీసి, నోటి బయటే వాడండి.
- నైలాన్: కింద 5 నుంచి 8 దాకా చెప్పిన పనంతా చెయ్యాలి, లేదా 9లో చెప్పినట్టు ల్యాబ్‌కి పంపాలి.
- పాలిప్రొపిలీన్: నేనైతే కుర్చీ పక్కన ముట్టుకోను.

రీలైన్ మొదలెట్టే ముందు నోట్లో కూడా ఒకసారి చూడండి. పళ్ళు బాగా అరిగిపోయి దవడ ఎత్తు తగ్గిపోయినా, రెక్కలు చీలినా, క్లాస్ప్ (మిగిలిన పంటిని పట్టుకునే కొక్కెం) పట్టు పోయినా రీలైన్ చేసి లాభం లేదు, కొత్త సెట్టే. చిగుళ్ళు ఎర్రగా వాచి ఉంటే ముందు సెట్టు లోపల టిష్యూ కండిషనర్ (మెత్తటి తాత్కాలిక పొర) వేసి తగ్గనివ్వండి.

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- 50 మైక్రాన్ల అల్యూమినా పౌడర్, సాండ్‌బ్లాస్టర్
- సిలికా పూసిన అల్యూమినా, దానికి సరిపడే సైలేన్ (సిలికానీ రెసిన్‌నీ కలిపి పట్టే ద్రవం). రొకాటెక్, కోజెట్ లాంటివి
- 4-మెటా (పట్టు పెంచే రసాయనం) ఉన్న రెసిన్. సూపర్‌బాండ్ ఈ జాతే
- నోట్లో వాడదగిన రీలైన్ మెటీరియల్. మామూలు డీపీఐ కంపెనీ కోల్డ్ క్యూర్ (వేడి పెట్టకుండా గట్టిపడే అక్రిలిక్) కాదు, దాని మోనోమర్ (ఎంఎంఏ) లిక్విడ్ చిగుళ్ళని మండిస్తుంది, గట్టిపడేటప్పుడు వేడి కూడా ఎక్కువ
- పదునైన కార్బైడ్ బర్, రౌండ్ బర్, ఇన్వర్టెడ్ కోన్, రబ్బర్ వీల్, కొత్త బ్లేడు
- వ్యాజలిన్, మోడలింగ్ వ్యాక్స్, పౌడర్ లేని గ్లవ్స్
- ముందే పరీక్షించడానికి ఒక స్ప్రూ ముక్క

సైలేన్ సీసా ఓసారి వెలుగులో పట్టుకుని చూడండి. మబ్బుగా ఉంటే పారెయ్యండి, అది చచ్చిపోయినట్టే.

మన వాతావరణం గురించి కూడా చెప్పాలి. రోహిణి కార్తెలో ఇక్కడ గదిలో ఏసీ లేకపోతే పొడి, లిక్విడ్ కలిపి చెంచా తీసేలోపు ముద్ద రబ్బరైపోతుంది. లిక్విడ్ సీసా ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఫ్రీజర్‌లో కాదు, బయటికి తీశాక చెమటలు పట్టినంతసేపు మూత తీయకండి, నీటి చుక్క లోపల పడుతుంది. ఇక వానాకాలం అయితే కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు నిండుతాయి, పొద్దున్నే అడుగు నాబ్ తిప్పి వదిలెయ్యాలి. సాండ్‌బ్లాస్టర్‌లోంచి తడిగాలి వచ్చిందంటే మిగతా పనంతా దండగ. అనుమానం ఉంటే అద్దం ముక్క మీదికి గాలి కొట్టి చూడండి, ఆవిరి గానీ నూనె మరక గానీ కనబడకూడదు.

5. సెట్టుని సిద్ధం చెయ్యడం

సబ్బు నీళ్ళు, మెత్తని బ్రష్, వీలైతే అల్ట్రాసోనిక్‌లో కొన్ని నిమిషాలు. పేషెంట్ పట్టుకి పేస్ట్ వాడుతున్నారేమో అడగండి, ఆ జిడ్డు ఇసకెయ్యక ముందే పోవాలి. ఇంకోటి కూడా అడగాలి, మొహమాటపడి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, "ఇంట్లో ఫెవిక్విక్ ఏమైనా పెట్టారా బాబాయ్ గారూ?" అని. నవ్వారంటే పెట్టారన్నమాటే. ఆ పొర కింద ఎన్ని ప్రైమర్లు రాసినా పట్టు దొరకదు, బర్‌తో పూర్తిగా గీకెయ్యాలి.

తర్వాత కడిగి, నూనె లేని గాలితో ఊది, ఓ అరగంట అలా వదిలెయ్యండి. హెయిర్ డ్రయ్యర్, ఎండ వద్దు, రెక్కలు వంకరపోతాయి.

ఇప్పుడు లోపలి వైపు చెక్కాలి. హార్డ్ లైనర్‌కి 1 నుంచి 2 ఎంఎం, సాఫ్ట్ లైనర్‌కి 2 ఎంఎం తగ్గకుండా చోటు కావాలి. నైలాన్‌ని వేగంగా చెక్కితే కరిగి బర్‌కి చుట్టుకుంటుంది, నూలు పోగుల్లా లేస్తుంది. మెల్లగా తిప్పుతూ, ఒత్తకుండా, మధ్యమధ్యలో ఆపి చల్లబరుస్తూ చెయ్యండి. లేచిన పోగుల్ని కొత్త బ్లేడుతో కోసెయ్యండి. పోగు మీద అంటుకున్న లైనర్ పోగుతో పాటే ఊడుతుంది.

అంచు దగ్గర ఆగి ఆలోచించండి. చాలామంది లైనర్‌ని అంచుకి వచ్చేసరికి కాగితంలా పల్చగా తేల్చేస్తారు. ఊడడం అక్కడే మొదలు. దానికి బదులు అంచుకి కొంచెం లోపల 1 ఎంఎం లోతున చిన్న మెట్టు కొయ్యండి, లైనర్ ఆ మెట్టుకి ఎదురుగా మందంగా ఆగాలి.

పట్టు కోసం గుంటలు: రౌండ్ బర్‌తో గుంట చేసి, ఇన్వర్టెడ్ కోన్‌తో అడుగు వెడల్పు చెయ్యండి, మూతి చిన్నగా కడుపు పెద్దగా కుండలా ఉండాలి. 4, 5 ఎంఎం దూరానికి ఒకటి. అంగిలి వైపు, నాలుక వైపు మందం ఉన్న చోటే. క్లాస్ప్ మొదట్లో, పల్చటి రెక్కలో గుంట పెడితే అక్కడే చీలుతుంది.

6. ఇసక, సిలికా, సైలేన్

ఎ) పళ్ళు, బయటి వైపు మొత్తం వ్యాక్స్‌తో గానీ టేపుతో గానీ కప్పెయ్యండి. మెరుపు పోయిందంటే నైలాన్ మీద మళ్ళీ తెప్పించడం పెద్ద పని.

బి) 50 మైక్రాన్ల అల్యూమినా, గాలి ఒత్తిడి 2 బార్ల దగ్గర, నాజిల్ 10 ఎంఎం దూరంలో, కదుపుతూ ఉండాలి. ఒకేచోట నిలిపితే గుంట పడుతుంది. మొత్తం ఒకేలా మసకబారాలి, ఎక్కడైనా మెరుస్తుంటే అక్కడ తగల్లేదని.

సి) గాలితో దుమ్ము ఊదేసి, సిలికా పూసిన పొడి కొట్టండి. రొకాటెక్ అయితే 110 మైక్రాన్లు, 2.8 బార్లు, 10 ఎంఎం దూరం. కోజెట్ అయితే 30 మైక్రాన్లు. పొడి గుద్దుకున్న చోట సిలికా నైలాన్‌లోకి దిగబడి కూర్చుంటుంది, సైలేన్ పట్టుకునేది దాన్నే.

డి) దీని తర్వాత నీళ్ళతో కడగొద్దు. ఆవిరి పట్టొద్దు. మెత్తగా గాలి ఊది వదిలెయ్యండి. కడిగితే చేసిందంతా నీళ్ళపాలే.

ఇ) సైలేన్ ఒక్క పల్చటి కోటు, 5 నిమిషాలు ఆరనివ్వండి. ఈ టైములో వేలు తగలకూడదు. "ఆరిందా?" అని వేలు పెట్టి చూసే అలవాటు మా ల్యాబ్‌లో కుర్రాళ్ళకి మాన్పించడానికి నాకు ఏడాది పట్టింది.

సిలికా సరంజామా లేదు, ఉత్త అల్యూమినానే ఉందంటే చెయ్యొచ్చు, కానీ అప్పుడు భారమంతా గుంటల మీదే, ఎన్నాళ్ళుంటుందని అడిగితే నేను హామీ ఇవ్వను.

7. మధ్యవర్తి పొర

సైలేన్ మీద నేరుగా రీలైన్ ముద్ద వెయ్యకుండా మధ్యలో 4-మెటా రెసిన్ పల్చటి పొర వేస్తే పట్టు బాగా పెరుగుతుంది, నైలాన్ మీద జరిగిన పరీక్షల్లో కూడా సిలికా కోటింగ్, 4-మెటా జంటే మెరుగ్గా వచ్చింది.

చల్లబెట్టిన పింగాణీ డిష్‌లో 4 చుక్కల లిక్విడ్‌కి 1 చుక్క కేటలిస్ట్. బ్రష్‌ని దీన్లో ముంచి పొడిలో అద్ది సన్నగా పుయ్యండి, గుంటల అడుగు దాకా పోవాలి. కేటలిస్ట్ ఒలికితే టిష్యూతో తుడిచి అలాగే చెత్తబుట్టలో పడెయ్యకండి, కాగితంలో ఇంకి వేడెక్కే సరుకది.

పైన వేసేది అక్రిలిక్ జాతి హార్డ్ లైనర్ అయితే ఈ పొర ఇంకా జిగటగా ఉండగానే వేసెయ్యాలి. సిలికోన్ సాఫ్ట్ లైనర్ అయితే లెక్క వేరు: సిలికోన్ కిట్‌లో ప్రైమర్ అక్రిలిక్ కోసం చేసింది, నైలాన్ మీద పనిచెయ్యదు. అందుకని ఈ పొరని పూర్తిగా గట్టిపడనిచ్చి, కొంచెం గరుకు చేసి, అప్పుడు ఆ ప్రైమర్ రాసి సిలికోన్ వేస్తాను. ప్రైమర్‌కి కావాల్సిన అక్రిలిక్ మనమే తయారుచేసి పెట్టినట్టు.

మొదటిసారి చేసేవాళ్ళు ఇదంతా ముందు స్ప్రూ ముక్క మీద చెయ్యండి. ఒక సగానికి పూర్తి పద్ధతి, ఇంకో సగానికి ఏమీ చెయ్యకుండా. రాత్రంతా నీళ్ళలో ఉంచి, పొద్దున్నే టీ అంత వేడి నీళ్ళలో, ఐసు నీళ్ళలో మార్చి మార్చి ఓ ఇరవై సార్లు ముంచి, బ్లేడు మొన అంచు కింద పెట్టి లేపి చూడండి. ముక్కలుగా విరిగి వస్తే మంచిది. అద్దం మీద స్టిక్కర్‌లా నున్నగా లేచి వస్తే సెట్టు జోలికి పోకండి, ఆరో అంకం మళ్ళీ మొదలెట్టండి.

8. నోట్లో పెట్టేటప్పుడు

ఇక్కడ జరిగే ప్రమాదం ఊడిపోవడం కాదు, ఊడి రాకపోవడం. ఫ్లెక్సిబుల్ సెట్టు పట్టేదే పళ్ళ మధ్య సందుల్లో, చిగురు వంపుల్లో. హార్డ్ లైనర్ ఆ వంపుల్లోకి పారి గట్టిపడిందంటే తాళం పడ్డట్టే, కోసి తియ్యాల్సి వస్తుంది.

- మిగిలిన పళ్ళ చుట్టూ సందులు వ్యాక్స్‌తో మూసెయ్యండి
- చిగుళ్ళకి, పళ్ళకి వ్యాజలిన్. బేస్ లోపలికి మాత్రం చుక్క కూడా పోకూడదు
- ముద్ద లోపలంతా సన్నగా పరిచి, సెట్టుని పూర్తిగా కూర్చోబెట్టి, మామూలుగా నొక్కమనండి, పాత కాటు (పై, కింది పళ్ళు కలిసే తీరు) మారకూడదు
- పెదాలు, బుగ్గలు కదిలించమనండి
- రబ్బరు దశలోనే ఒకసారి తీసి, వంపుల్లోకి వెళ్ళింది కత్తిరించి, మళ్ళీ పెట్టండి
- పూర్తిగా గట్టిపడేది నోటి బయటే, కిట్‌లో చెప్పినంత వేడి నీళ్ళలో

9. నైలాన్‌కి అసలు మందు: ల్యాబ్ రీబేస్

పేషెంట్ నాలుగైదు రోజులు సెట్టు లేకుండా ఉండగలిగితే ఇదే చేయించండి. సెట్టులోనే జింక్ ఆక్సైడ్ పేస్ట్‌తో గానీ లైట్ బాడీ సిలికోన్‌తో గానీ, నోరు మూసి కాటు మీద ఇంప్రెషన్ తీసి పంపితే చాలు. మేం స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోసి, పళ్ళ స్థానం తప్పకుండా ఇండెక్స్ (అచ్చు గుర్తు) తీసుకుని, పాత నైలాన్ తీసేసి, అవే పళ్ళతో మొత్తం బేస్ కొత్తగా ఇంజెక్ట్ చేస్తాం. అతుకే లేదు కాబట్టి ఊడేదీ లేదు.

ఇంప్రెషన్ పంపేటప్పుడు ఎదుటి దవడ మోడల్, కాటు రికార్డు కూడా పెట్టండి డాక్టర్ గారూ. అవి లేకుండా వచ్చిన డబ్బా చూస్తే మాకు ముందు తలనొప్పి మాత్ర గుర్తొస్తుంది.

10. ఇలా అయితే ఇలా చెయ్యండి

*అంచు వెంట తెల్ల గీత వచ్చింది.* పట్టు వదలడం మొదలైంది. పైన పాలిష్ చేసి మాయ చెయ్యొద్దు, లోపల ఫంగస్ కాపురం పెడుతుంది, వాసన వస్తుంది. ఆ ముక్క వరకు తీసి, మెట్టు లోతు చేసి మళ్ళీ వెయ్యండి.

*మొత్తం ఒకే పొరగా ఊడింది.* ఊడిన పొర వెనక వైపు చూడండి. నున్నగా ఉంటే సాండ్‌బ్లాస్ట్ తగల్లేదు లేదా నూనె గాలి. గుంటల బుడిపెలు విరిగి సెట్టులోనే ఉండిపోతే ఇసక పని బాగానే ఉంది, గుంటలు చాల్లేదు.

*కాటు ఎత్తు పెరిగింది.* ముద్ద చిక్కబడ్డాక పెట్టారు. వేసవిలో అయితే దాదాపు ఇదే కారణం. పళ్ళు కొంచెం అరగదీస్తే సరిపోతుందా చూసుకోండి, ఎక్కువైతే తీసి మళ్ళీ చెయ్యడమే.

*సాఫ్ట్ లైనర్ అంచులు చిరుగుతున్నాయి.* మందం 2 ఎంఎం లేదు.

11. ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి

లైనర్ అంచుని బ్లేడుతో, తర్వాత రబ్బర్ వీల్‌తో నెమ్మదిగా కలపండి. వేడి పుడితే అప్పుడే వేసిన అతుకు అంచు లేస్తుంది.

పేషెంట్‌కి చెప్పేవి కాగితం మీద తెలుగులో రాసివ్వండి, నోటితో చెప్పింది గేటు దాటేలోపు మర్చిపోతారు: మరిగే నీళ్ళు వద్దు, పళ్ళపొడితో తోమొద్దు, రాత్రి తీసి మామూలు నీళ్ళలో పెట్టాలి. సెట్టు తీసేటప్పుడు ఒక పక్క రెక్క పట్టి లాగకుండా రెండు పక్కలా బొటనవేళ్ళతో లేపాలి. అంచు కొంచెం లేచినట్టు నాలుకకి తగిలితే అదే రోజు రావాలి, గోటితో పీకి చూడకూడదు.

మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి పిలవండి. వారం రోజుల చెకప్‌లో నేనైతే సెట్టుని ఆరబెట్టి అంచు చుట్టూ ప్రోబ్ తిప్పి చూడమంటా, మొన ఎక్కడైనా దిగిందంటే ఇక ఆలస్యం చెయ్యకుండా తొమ్మిదో అంకానికి వెళ్ళిపోవడమే.